వ్యాన్ ఇంజిన్ రీబిల్డ్‌లో బ్యాలెన్స్ షాఫ్ట్ టైమింగ్ పెట్టడం: మిత్సుబిషి 4జీ63, 4జీ64 ఇంజిన్లకు పూర్తి పద్ధతి

ఇంజిన్ దింపి, బోరింగ్ చేయించి, కొత్త రింగులు, బేరింగులు వేసి మళ్లీ ఎక్కించారు. తాళం తిప్పగానే స్టార్ట్ అయింది. ఐడిల్ నిలకడగా ఉంది, కంప్రెషన్ బాగుంది, ఏ లైటూ వెలగలేదు. కానీ బండి రోడ్డెక్కి వేగం అందుకోగానే కాళ్ల కింద ఫ్లోర్ జివ్వుమంటుంది, స్టీరింగ్ చేతిలో వణుకుతుంది, అద్దాలు గలగలలాడతాయి. ఇలాంటప్పుడు చాలామంది ముందు ఇంజిన్ మౌంటింగులు మారుస్తారు, తర్వాత క్లచ్‌ని, ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని అనుమానిస్తారు. రీబిల్డ్ తర్వాతే మొదలైన వణుకైతే, వాటన్నిటికంటే ముందు చూడాల్సింది బ్యాలెన్స్ షాఫ్ట్ టైమింగ్, అంటే ఇంజిన్ కుదుపును తగ్గించే రెండు షాఫ్ట్‌లు సరైన స్థితిలో కూర్చున్నాయా లేదా అన్నది.

మిత్సుబిషి ఎల్300, డెలికా వ్యాన్లలో వచ్చిన 4జీ63, 4జీ64 పెట్రోల్ ఇంజిన్లను ఆధారంగా తీసుకుని ఈ పద్ధతి రాస్తున్నాను. వాటిలో ఒక షాఫ్ట్‌కు మార్కు చూసి సరిపెట్టుకుంటే చాలు. రెండోదానికి మార్కు కలిసినా టైమింగ్ తప్పు ఉండొచ్చు. ఇంత శ్రద్ధగా రాయడానికి కారణం ఆ రెండో షాఫ్టే.

ఈ షాఫ్ట్‌లు చేసే పని

నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో రెండు పిస్టన్లు పైకి వెళ్తుంటే రెండు కిందికి వస్తాయి. చెల్లుకు చెల్లు అయిపోవాలి కదా అనిపిస్తుంది. అవ్వదు, ఎందుకంటే కనెక్టింగ్ రాడ్ నిటారుగా ఉండదు, వాలుతూ తిరుగుతుంది. 4జీ63నే తీసుకోండి. స్ట్రోక్ 88 మి.మీ., రాడ్ పొడవు 150 మి.మీ. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్) పై నుంచి మొదటి 90 డిగ్రీలు తిరిగేసరికి పిస్టన్ దాదాపు 50.6 మి.మీ. దిగిపోతుంది. తర్వాతి 90 డిగ్రీలలో దిగేది 37.4 మి.మీ. మాత్రమే. అంటే పైసగంలో పిస్టన్ పరుగు ఎక్కువ, కిందిసగంలో తక్కువ. ఈ తేడా వల్ల మిగిలిపోయే బలం క్రాంక్ ఒక్క చుట్టు తిరిగేలోపు రెండుసార్లు ఇంజిన్‌ని పైకీ కిందికీ కుదుపుతుంది.

దీన్ని ఆపడానికి క్రాంక్ కంటే రెట్టింపు వేగంతో, ఒకదానికొకటి ఎదురు దిశలో తిరిగే రెండు షాఫ్ట్‌లు పెడతారు. ఒక్కోదానికి ఒక పక్కకు బరువు ఉంటుంది. ఫ్రెడరిక్ లాంచెస్టర్ 20వ శతాబ్దం మొదట్లోనే ఈ ఆలోచన చేశాడు. మిత్సుబిషి 1975లో దీన్ని సైలెంట్ షాఫ్ట్ అన్న పేరుతో తెచ్చింది. ఒక షాఫ్ట్‌ని పైన, ఇంకోదాన్ని కింద అమర్చి, ఇంజిన్ పక్కకు ఊగే గుణాన్ని కూడా తగ్గించింది.

ఇప్పుడు అసలు విషయం. రెండు షాఫ్ట్‌లూ సరిగ్గా ఉంటే వాటి నిలువు బలాలు కలిసి పిస్టన్ల కుదుపుకు ఎదురు నిలుస్తాయి, అడ్డం బలాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఒక్క షాఫ్ట్‌ని 180 డిగ్రీలు తిప్పి బిగిస్తే లెక్క తలకిందులవుతుంది. నిలువు బలాలు తమలో తామే కొట్టుకుపోయి పిస్టన్ల కుదుపు మొత్తం మిగిలిపోతుంది. అంతవరకూ లేని అడ్డం కుదుపు కొత్తగా వచ్చి చేరుతుంది. అంటే టైమింగ్ తప్పిన షాఫ్ట్ ఉన్న ఇంజిన్, అసలు షాఫ్ట్‌లే లేని ఇంజిన్ కంటే ఎక్కువ వణుకుతుంది. పైగా ఈ బలం ఆర్పీఎం (నిమిషానికి క్రాంక్ తిరిగే చుట్లు) వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఐడిల్‌లో 750 దగ్గర ఉన్న బలం 3000 దగ్గర 16 రెట్లు అవుతుంది. షెడ్డులో నిలబెట్టి స్టార్ట్ చేసినప్పుడు ఏమీ తెలియకపోవడానికి ఇదే కారణం.

రెండు షాఫ్ట్‌లు, రెండు దారులు

గందరగోళం లేకుండా వీటికి నేను రెండు పేర్లు వాడతాను.

బెల్ట్ షాఫ్ట్: దీన్ని లోపలి చిన్న బెల్ట్ తిప్పుతుంది. మాన్యువల్‌లో దాని పేరు టైమింగ్ బెల్ట్ బి. ఈ షాఫ్ట్ క్రాంక్ తిరిగే దిశలోనే తిరుగుతుంది.

పంపు షాఫ్ట్: దీన్ని ఆయిల్ పంపు గేర్లు తిప్పుతాయి. బయటి పెద్ద టైమింగ్ బెల్ట్, అంటే బెల్ట్ ఎ, ఆయిల్ పంపు స్ప్రాకెట్‌ని (బెల్ట్ పట్టే పళ్ల చక్రాన్ని) తిప్పుతుంది. పంపులోని డ్రైవ్ గేరు పక్కనున్న డ్రివెన్ గేరుని తిప్పుతుంది. ఆ డ్రివెన్ గేరుకే షాఫ్ట్ బిగించి ఉంటుంది కాబట్టి అది ఎదురు దిశలో తిరుగుతుంది.

పంపు స్ప్రాకెట్ ఒక చుట్టు తిరిగితే షాఫ్ట్ కూడా సరిగ్గా ఒక చుట్టే తిరగదు. అందుకే స్ప్రాకెట్ మార్కు గుర్తుకు ఎదురుగా వచ్చినా, లోపల షాఫ్ట్ సరైన స్థితిలో ఉండొచ్చు, తలకిందులుగానూ ఉండొచ్చు. బయటి నుంచి కంటితో చూసి ఏదో చెప్పలేం.

దగ్గర ఉంచుకోవాల్సినవి

మామూలు పానాలు, సాకెట్లతో పాటు టార్క్ రెంచ్ తప్పనిసరి. 8 మి.మీ. మందం కాడ ఉన్న స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి, దాని మీద గుర్తు పెట్టడానికి టేపు లేదా మార్కర్, స్టీల్ స్కేలు, తెల్ల పెయింటు. కొత్త బెల్ట్‌లు రెండూ, రెండు టెన్షనర్లు (బెల్ట్‌ని బిగువుగా ఉంచే పుల్లీలు), ఫ్రంట్ కేస్ గాస్కెట్, ఆయిల్ సీళ్లు. మీ ఇంజిన్ మోడల్, సంవత్సరానికి సరిపోయే సర్వీస్ మాన్యువల్ పక్కన ఉండాలి. బోల్టుల టార్క్ విలువలు సంవత్సరాన్ని బట్టి మారాయి, అవి దానిలో చూసే బిగించండి.

చిన్న బెల్ట్ చూడ్డానికి బాగానే ఉందని పాతదే మళ్లీ వేయొద్దు. అది తెగితే దాని ముక్కలు పెద్ద బెల్ట్‌లో ఇరుక్కుంటాయి. పెద్ద బెల్ట్ పళ్లు జారితే వాల్వులు పిస్టన్లకు తగిలి, చేసిన రీబిల్డ్ అంతా మళ్లీ మొదటికొస్తుంది.

స్క్రూడ్రైవర్ మొన నుంచి 25 మి.మీ. దగ్గర ఒక గీత, 60 మి.మీ. దగ్గర ఇంకో గీత ఇప్పుడే పెట్టుకోండి. తర్వాత చేతులు ఆయిల్‌తో ఉన్నప్పుడు స్కేలుతో కొలవడం కష్టం.

1వ దశ: షాఫ్ట్‌లు, బుష్‌లు చూడడం

షాఫ్ట్ జర్నల్స్ (బుష్‌లో తిరిగే నున్నటి భాగాలు) మీద వేలిగోరు నెమ్మదిగా నడపండి. గీతలు గోరుకు తగులుతుంటే ఆ షాఫ్ట్, దాని బుష్ (షాఫ్ట్ తిరిగే గొట్టం లాంటి బేరింగు) రెండూ అనుమానించాల్సినవే. ఇవి క్రాంక్ కంటే రెట్టింపు వేగంతో తిరిగే భాగాలు. ఆయిల్ అందక ఒకసారి పట్టేస్తే బెల్ట్‌ని కోసేస్తాయి. కొత్త బుష్‌లు వేస్తే వాటి ఆయిల్ రంధ్రం బ్లాక్‌లోని రంధ్రానికి సరిగ్గా ఎదురుగా రావాలి. బుష్ దింపాక టార్చి వేసి చూడండి. బ్లాక్ కడిగించినప్పుడు ఆ దారుల్లో చెత్త మిగిలిపోయి ఉండొచ్చు కాబట్టి గాలి కొట్టి శుభ్రం చేయండి.

షాఫ్ట్‌లు తీసేసే కిట్లు దొరుకుతాయి కదా అని కొందరు అడుగుతారు. ఆ పని చేయాలంటే షాఫ్ట్ బుష్‌లకు వెళ్లే ఆయిల్ దారిని మూసేయాలి, లేకపోతే ఆయిల్ ప్రెజర్ పడిపోతుంది. రోజంతా మనుషులు కూర్చుని ప్రయాణం చేసే వ్యాన్‌కి మాత్రం షాఫ్ట్‌లు ఉంచి సరిగ్గా టైమింగ్ పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

2వ దశ: ఫ్రంట్ కేస్, పంపు గేర్లు

ఆయిల్ పంపు డ్రైవ్ గేరు, డ్రివెన్ గేరు రెండింటి మీదా చిన్న గుర్తులుంటాయి. రెండు గుర్తులూ ఒకదానికొకటి ఎదురుగా వచ్చేలా గేర్లను కేస్‌లో కూర్చోబెట్టండి. ఇక్కడ ఒక పన్ను తప్పినా తర్వాత బయట ఎన్ని మార్కులు కలిపినా ఫలితం ఉండదు, దాన్ని సరిచేయాలంటే ఫ్రంట్ కేస్ మళ్లీ విప్పాల్సిందే. గేర్లకు ఇంజిన్ ఆయిల్ బాగా పట్టించండి. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు పంపు ఎండిపోయి ఉంటే ఆయిల్ లాగడానికి ఆలస్యం అవుతుంది.

షాఫ్ట్ జర్నల్స్‌కి ఆయిల్ రాసి బ్లాక్‌లోకి నెమ్మదిగా దింపండి. బుష్‌కి అంచు తగిలి గీత పడకుండా చూసుకోండి. తర్వాత ఫ్రంట్ కేస్ కొత్త గాస్కెట్‌తో ఎక్కించండి. దీని బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. విప్పేటప్పుడే ఒక అట్ట మీద కేస్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకుంటే ఇప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

ఇక డ్రివెన్ గేరుని పంపు షాఫ్ట్‌కి పట్టి ఉంచే బోల్టు బిగించాలి. కేస్ ముందువైపు ఉన్న ప్లగ్ తీస్తే అది కనిపిస్తుంది. బిగించేటప్పుడు షాఫ్ట్ తిరిగిపోకుండా, బ్లాక్ పక్కన పంపు షాఫ్ట్ వైపు ఉన్న చిన్న ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్ దూర్చి షాఫ్ట్‌ని ఆపాలి. ఈ రంధ్రమే తర్వాత టైమింగ్ పరీక్షకూ వాడతాం. అది ఎక్కడుందో ఇప్పుడే చేత్తో తడిమి గుర్తుపెట్టుకోండి. ఇంజిన్ వ్యాన్‌లోకి ఎక్కాక దాన్ని చూడడం చాలా ఇబ్బంది.

3వ దశ: బెల్ట్ షాఫ్ట్, చిన్న బెల్ట్

బెల్ట్ షాఫ్ట్ మీద ముందు స్పేసర్ వస్తుంది. దాని ఒక అంచు ఏటవాలుగా చెక్కి ఉంటుంది. ఆ చెక్కిన వైపు ఆయిల్ సీల్ వైపు ఉండాలి. తిరగేసి వేస్తే పదునైన అంచు సీల్ పెదవిని కోసేస్తుంది, కొన్నాళ్లకు అక్కడినుంచి ఆయిల్ కారి బెల్ట్‌ని తడిపేస్తుంది. స్పేసర్ తర్వాత స్ప్రాకెట్, బోల్టు.

క్రాంక్ మీద లోపలి స్ప్రాకెట్ ఎక్కించి, 1వ పిస్టన్‌ని టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే స్థానానికి) తీసుకురండి. క్రాంక్‌ని ఎప్పుడూ ముందునుంచి చూస్తే గడియారం ముళ్లు తిరిగే దిశలోనే తిప్పండి. ఇప్పుడు క్రాంక్ స్ప్రాకెట్ మార్కు, షాఫ్ట్ స్ప్రాకెట్ మార్కు రెండూ ఫ్రంట్ కేస్ మీదున్న వాటి వాటి గుర్తులకు ఎదురుగా రావాలి. చిన్న బెల్ట్ ఎక్కించేటప్పుడు టెన్షనర్ లేని వైపు బెల్ట్ కొంచెం కూడా వదులు లేకుండా నిటారుగా ఉండాలి.

టెన్షనర్ పుల్లీని దాని బోల్టుకు ఎడమవైపు, పైభాగంలో కేంద్రం వచ్చేలా పెట్టండి. వేలితో పుల్లీని పైకెత్తి బెల్ట్ బిగువైన చోట ఆపి బోల్టు బిగించండి, టార్క్ సుమారు 19 న్యూటన్ మీటర్లు. చాలాసార్లు బోల్టు బిగిస్తుంటే పుల్లీ కూడా దానితో పాటు తిరిగి బెల్ట్ మరీ బిగుసుకుపోతుంది. కాబట్టి బిగించాక మళ్లీ చూడాలి. బెల్ట్ పొడవు భాగం మధ్యలో చూపుడువేలితో నొక్కితే 5 నుంచి 7 మి.మీ. దిగాలి. అంతకంటే తక్కువ దిగితే బెల్ట్ ఊళ వేస్తుంది, బుష్ మీద భారం పడుతుంది. ఎక్కువ దిగితే పళ్లు జారతాయి.

మార్కులు మళ్లీ చూసుకోండి. బెల్ట్ షాఫ్ట్ పని ఇంతటితో అయిపోయింది. దీని స్ప్రాకెట్ షాఫ్ట్‌తో కలిసే తిరుగుతుంది కాబట్టి, మార్కు కలిస్తే షాఫ్ట్ కూడా సరిగ్గా ఉన్నట్టే.

4వ దశ: పంపు షాఫ్ట్, స్క్రూడ్రైవర్ పరీక్ష

క్రాంక్ మీద ఫ్లాంజ్, ఆ తర్వాత బయటి స్ప్రాకెట్ వేయండి. ఫ్లాంజ్ తిరగేస్తే బెల్ట్ అంచు రాసుకుని అరిగిపోతుంది, విప్పిన దిశనే చూసి వేయండి. క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) స్ప్రాకెట్ మార్కుని హెడ్ మీది గుర్తుకు కలపండి. ఆయిల్ పంపు స్ప్రాకెట్ మార్కుని ఫ్రంట్ కేస్ మీది గుర్తుకు కలపండి.

ఇక్కడ ఆగండి. బ్లాక్ పక్కనున్న రంధ్రంలోకి 8 మి.మీ. స్క్రూడ్రైవర్ నిటారుగా దూర్చండి, బలవంతం చేయొద్దు.

మొన 20 నుంచి 25 మి.మీ. లోపలికి వెళ్లి గట్టిగా ఆగిపోయిందా? మొదటి గీత రంధ్రం అంచు దగ్గరే ఉండిపోతుంది, ఇంకొంచెం నెట్టినా ఇనుముకి ఇనుము తగిలిన చప్పుడే వస్తుంది. అంటే మార్కు కలిసినా షాఫ్ట్ తలకిందులుగా ఉంది. స్క్రూడ్రైవర్ తీసేయండి, పంపు స్ప్రాకెట్‌ని ఒక పూర్తి చుట్టు తిప్పి మార్కు మళ్లీ కలపండి, మళ్లీ దూర్చి చూడండి.

స్క్రూడ్రైవర్ అడ్డు లేకుండా జారి, 60 మి.మీ. గీత దాటి లోపలికి పోయిందా? షాఫ్ట్ సరైన స్థితిలో ఉంది. స్క్రూడ్రైవర్‌ని అలాగే వదిలేయండి. బెల్ట్ ఎక్కేదాకా అది షాఫ్ట్‌ని కదలకుండా పట్టి ఉంచుతుంది.

మార్కు, స్క్రూడ్రైవర్ రెండూ కావాలి, ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదు అనుకోవద్దు. స్క్రూడ్రైవర్ చెప్పేది షాఫ్ట్ తలకిందులైందా లేదా అన్నది. ఒక్క పన్ను తేడా ఉంటే పట్టించేది మార్కు.

5వ దశ: పెద్ద బెల్ట్

బెల్ట్‌ని ముందు క్రాంక్ స్ప్రాకెట్ మీద, తర్వాత పంపు స్ప్రాకెట్ మీద, ఆఖరున క్యామ్ స్ప్రాకెట్ మీద ఎక్కించండి. ఈ వరుసలో టెన్షనర్ లేని వైపు వదులు రాకుండా లాగి పట్టుకోవాలి. బెల్ట్ ఎక్కించేటప్పుడు పంపు స్ప్రాకెట్ కొంచెం కదిలి మార్కు పక్కకు పోవడం మామూలే. అందుకే బెల్ట్ పడగానే మూడు మార్కులూ మళ్లీ చూడండి. సింగిల్ క్యామ్, డబుల్ క్యామ్ హెడ్‌లకు టెన్షనర్ సెట్ చేసే తీరు వేరు కాబట్టి ఆ భాగం మీ ఇంజిన్ మాన్యువల్ చూసే చేయండి.

టెన్షన్ పెట్టేటప్పుడు క్రాంక్ తిప్పాల్సి వస్తుంది. అంతకుముందే స్క్రూడ్రైవర్ బయటికి తీయండి. అది లోపలుండగా క్రాంక్ తిప్పితే షాఫ్ట్ దానికి కొట్టుకుంటుంది, పంపు గేరు పన్నుకు దెబ్బ తగులుతుంది. మర్చిపోతామన్న భయం ఉంటే స్క్రూడ్రైవర్ పిడికి ఒక ఎర్ర గుడ్డ కట్టి, దాని కొస క్రాంక్ బోల్టు మీద వేలాడేలా పెట్టుకోండి. పానా వేయాలంటే ఆ గుడ్డ తీయక తప్పదు.

6వ దశ: చేత్తో తిప్పి మళ్లీ పరీక్ష

స్పార్క్ ప్లగ్‌లు తీసి ఉంచి, క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి టీడీసీకి తీసుకురండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపేయండి, బలం పెట్టొద్దు. క్రాంక్, క్యామ్, బెల్ట్ షాఫ్ట్ మార్కులు మూడూ తిరిగి కలవాలి.

ఆయిల్ పంపు స్ప్రాకెట్ మార్కు మాత్రం ఈసారి గుర్తుకు ఎదురుగా రాకపోవచ్చు. అది చూసి కంగారుపడి బెల్ట్ విప్పే అవసరం లేదు. స్ప్రాకెట్ వేగం వేరు, షాఫ్ట్ వేగం వేరు. షాఫ్ట్ క్రాంక్‌కి సరిగ్గా రెట్టింపు తిరుగుతుంది కాబట్టి, క్రాంక్ ప్రతి పూర్తి చుట్టు ముగిసేసరికి షాఫ్ట్ పాత స్థితికే వచ్చి తీరాలి. అందువల్ల టీడీసీలో ఉన్నప్పుడు స్క్రూడ్రైవర్‌తో మళ్లీ చూడండి. 60 మి.మీ. దాటి వెళ్లిందంటే పని సరిగ్గా అయినట్టే.

స్క్రూడ్రైవర్ తీసి, ప్లగ్ థ్రెడ్‌కు సీలెంట్ రాసి బిగించండి. ఈ ప్లగ్ వదిలేస్తే ఆయిల్ బయటికి కారుతుంది.

స్టార్ట్ చేశాక వణుకు ఉంటే

ముందు ఆయిల్ ప్రెజర్ చూడండి, అది వచ్చాకే మిగతా విషయాలు. ఇంజిన్ వేడెక్కాక గేరు వేయకుండా, బండి నిలబెట్టి ఆర్పీఎంని నెమ్మదిగా 3000 వరకు పెంచండి. వణుకు ఇక్కడే వస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్, చక్రాలు కారణం కావు, అవి తిరగడం లేదు. క్లచ్ తొక్కినా తేడా లేకుండా, ఆర్పీఎంతో పాటు వణుకు సన్నగా, వేగంగా పెరుగుతూ పోతే టైమింగ్ మీదే అనుమానం పెట్టుకోవాలి. ఐడిల్‌లోనే లావుగా ఊగుతూ, ఆర్పీఎం పెంచితే తగ్గుతుంటే ఒక సిలిండర్ సరిగ్గా మండకపోవడం, లేదా మౌంటింగు అయి ఉండొచ్చు.

నిర్ధారించుకోవడానికి ఇంజిన్ దింపక్కర్లేదు. ఇంజిన్ చల్లారాక 1వ పిస్టన్‌ని టీడీసీకి తెచ్చి, బ్లాక్ ప్లగ్ విప్పి, స్క్రూడ్రైవర్ దూర్చండి. 25 మి.మీ. దగ్గరే ఆగిపోతే పంపు షాఫ్ట్ తలకిందులే. కవర్లు విప్పి, పెద్ద బెల్ట్ వదులు చేసి 4వ దశ నుంచి మళ్లీ చేయాలి. లోపలికి సాఫీగా వెళ్తే చిన్న బెల్ట్ మార్కులు చూడండి. అవీ సరిగ్గా ఉంటే ఫ్రంట్ కేస్‌లో పంపు గేర్ల గుర్తుల సంగతి మిగులుతుంది.

వేరే ఇంజిన్ ఉన్న వ్యాన్ అయితే

పైన చెప్పిన 60 మి.మీ. కొలత ఈ ఇంజిన్లకే, వేరే ఇంజిన్ మీద దీన్ని వాడకండి. టొయోటా హయేస్‌లో వచ్చిన 2.7 లీటర్ల 2టీఆర్-ఎఫ్‌ఈ ఇంజిన్‌లో షాఫ్ట్‌లని వేరే చెయిన్ తిప్పుతుంది. అక్కడ చెయిన్‌లోని గుర్తు లింకులని స్ప్రాకెట్ల మీది గుర్తులకు కలపాలి. ఇలాంటి చెయిన్ తిప్పడం మొదలుపెట్టాక రంగు లింకులు చాలా చుట్లదాకా మళ్లీ ఎదురుగా రావు, వాటి కోసం తిప్పుతూ పోవద్దు. షెవ్రొలే ఆస్ట్రో వ్యాన్ 4.3 లీటర్ల వీ6లో సంగతి పూర్తిగా వేరు. అందులో ఒకే షాఫ్ట్, క్యామ్ మీది గేరు దాన్ని తిప్పుతుంది, వేగం క్రాంక్‌తో సమానం. అక్కడ రెండు గేర్ల మీది చుక్కలు ఎదురెదురుగా రావడమే టైమింగ్, ఆ తర్వాతే టైమింగ్ చెయిన్ వేస్తారు. కొన్ని కొత్త ఇంజిన్లలో రెండు షాఫ్ట్‌లూ ఆయిల్ పాన్‌లో ఒకే పెట్టెగా వస్తాయి. వాటికి లాక్ పిన్ పెట్టి ఎక్కించి, ఇంజిన్ తిప్పేముందు ఆ పిన్ తీయాలి.